కాటా మీద ఇద్దరం

అమ్మకి,

నీ పెద్దకూతురు నమస్కరించి రాసేది. ఇక్కడ ఇద్దరం క్షేమంగా ఉన్నాం. నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. "ఇద్దరం" అన్న మాట దగ్గర ఆగిపోయి నాన్నని కేకెయ్యకు. రెండో శాల్తీకి నాలుగు కాళ్ళు, ఒక తోక. పోయిన ఉత్తరంలో రాసిన కుక్కపిల్లే.

నీ జవాబు అందింది. క్షేమసమాచారాలు నాలుగు లైన్లు, తిట్లు రెండు పేజీలు. చదువుతుంటే నువ్వు ఎదురుగా నిలబడి నడుం మీద చేతులు పెట్టుకున్నట్టే ఉంది, హాయిగా నవ్వుకున్నాను. ఇక జవాబులు విను.

"తెచ్చుకునేదేదో కాస్త ఒళ్ళున్నదాన్ని తెచ్చుకోకపోయావా, ఊదితే ఎగిరిపోయేదే దొరికిందా" అన్నావు. కుక్కల షెల్టరులో ఒళ్ళున్నవన్నీ కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చి నన్ను తెగ పలకరించాయమ్మా. ఇదొక్కటే లేవడానికి ఓపిక లేక మూల పడుకుని, నన్ను చూసి తోక మాత్రం నేలకేసి కొట్టింది. ఏడాది కూడా నిండని పిల్ల. దీన్ని కట్టేసి ఉంచి ఎవరో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారట. అలాంటిదాన్ని వదిలేసి వచ్చుంటే ఇంకో రెండు పేజీలు తిట్టేదానివి, నాకు తెలియదా?

"పుల్ల అని పిలిస్తే పుల్లలాగే ఉండిపోతుంది, పేరు మార్చు" అన్నావు. నన్ను చిన్నప్పుడు బంగారం, బంగారం అని పిలిచావు. ఏం ఒరిగింది? పేరు మార్చను. ఇప్పుడిప్పుడే పలుకుతోంది కూడాను.

వంటింట్లోకి రానిస్తున్నానా అని అడిగావు. నాకున్నది ఒకటే గది. కిటికీ కింద పొయ్యి, గోడవారగా మంచం. వంటింటి గడప ఎక్కడుందో నువ్వు చెప్పు, అక్కడే ఆపేస్తాను.

ఇక నెయ్యి సంగతి. కుక్కకి నెయ్యి ఇమడదని సామెత చెప్పి పెంచిన తల్లివి, ఇప్పుడు రోజూ గరిటెడు నెయ్యి పొయ్యమంటావేమిటి? అసలు మొదట్లో నేను చేసిన తప్పూ అదే. బక్కగా ఉంది కదా అని గిన్నెడు పాలు, పెరుగన్నం, చికెనూ ఒకేసారి పెట్టాను. ఆబగా మింగేసింది. ఆ తర్వాత గది కడగలేక తల ప్రాణం తోకకొచ్చింది. షెల్టరు నడిపే డాక్టరమ్మ చీవాట్లు పెట్టి, కడుపులో నులిపురుగులకి మందు వేసి, పద్ధతి చెప్పింది. మెత్తగా ఉడికించిన చికెన్, అన్నం, ఇంత గుమ్మడికాయ, ఒక గుడ్డు. కొంచెం కొంచెంగా, రోజుకి నాలుగుసార్లు. మధ్యాహ్నం పూట తప్పకూడదు. పాలూ నెయ్యీ వద్దంటే వద్దు. అందుకని భోజనాల వేళ ఆఫీసు నుంచి పరుగున ఇంటికొచ్చి, దానికి పెట్టి, మళ్ళీ పరుగున వెళ్తున్నాను. గిన్నెలో పెడితే గబగబా మింగి కక్కేస్తుంది, చేత్తో ముద్ద ముద్దగా పెట్టాలి.

పోయిన ఉత్తరంలో నీకొక మాట రాయలేదు. పుల్ల అప్పటికింకా నాది కాదు. "ఒంటరిగా ఉండి ఉద్యోగానికి పోయేవాళ్ళకి ఇలాంటి పిల్లల్ని ఇవ్వనమ్మా. రెండోసారి చూపించడానికి తెచ్చేసరికి బరువు పెరగాలి. పెరగలేదో, వెనక్కి తీసుకుంటాను. దీన్ని అడుగుతున్న ఇల్లు ఇంకోటుంది, అక్కడ పొద్దస్తమానం మనుషులుంటారు" అని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. ఆమె మాటలో తప్పులేదు. కానీ ఆ ఇంకో ఇంటి పేరెత్తితే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

బరువంటే నాకేం భయం? పార్సిల్ ఆఫీసులో నేను చేసే పనే అది కదా. మా దగ్గర సామాన్లని తోపుడుబండితో సహా కాటా ఎక్కిస్తాం. బండి బరువు దాని పక్కనే పెయింటుతో రాసి ఉంటుంది. మొత్తంలోంచి అది తీసేస్తే సరుకు బరువు తేలిపోతుంది. పుల్లని ఆఫీసుకి తీసుకెళ్ళి కాటా మీద నిలబెడితే వణికిపోయి దూకేసేది. సరేలే అని నేనే ఎత్తుకుని ఎక్కేదాన్ని. నా బరువు యాభై ఎనిమిది, ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అంతే. మొదటిసారి ఇద్దరం కలిసి అరవై ఆరు. నాది తీసేస్తే దానిది ఎనిమిది, డాక్టరమ్మ చీటీలో రాసిన లెక్కే.

తర్వాతి వారం అరవై ఆరు. ఆపై వారమూ అరవై ఆరే! తిండి పెంచాను, మార్చాను, రెండు గుడ్లు చేశాను. అరవై ఆరు దగ్గర ముల్లు మేకు కొట్టినట్టు ఆగిపోయింది. మా ఆఫీసులో సామాన్లెత్తే బాబాయ్ ఒకరోజు దాని వీపు నిమిరి, "పక్కలు నిండాయి కదమ్మా, ఇంకా ఏడుస్తావేంటి?" అన్నాడు. "కళ్ళు మోసం చేస్తాయి బాబాయ్, కాటా చెయ్యదు" అని కసిరాను. నా ముక్కు మీద కోపం నీకు తెలిసిందేగా. నిజానికి కోపం కాదు, భయం. పొద్దున్నే నా మొహం నాకి లేపేది అది. మెట్ల మీద నా చెప్పుల చప్పుడు విని తలుపు వెనక గెంతేది అది. దాన్ని ఇంకొకళ్ళ చేతిలో పెట్టి ఖాళీ గదికి ఎలా రానమ్మా? చూపించాల్సిన రోజు దగ్గరపడేకొద్దీ వెళ్ళడం మానేద్దామా అని కూడా అనుకున్నాను.

మానలేదు, వెళ్ళాను. అక్కడి కాటా మీద కూడా అది నిలబడలేదు. "ఎత్తుకుని నువ్వే ఎక్కు" అంది డాక్టరమ్మ. ఎక్కాను. అరవై ఆరు.

"నువ్వెంతుంటావమ్మా?" అంది.

"యాభై ఎనిమిదండీ, మా ఆఫీసు బండి మీద పెయింటుతో రాసినట్టే లెక్క. తీసెయ్యండి."

"ఎప్పుడు చూసుకున్నావ్?"

"ఉద్యోగంలో చేరినప్పుడండీ. నేనెప్పుడూ అంతే ఉంటాను."

"నువ్వేమన్నా ఇనపబండివా? పెయింటు కొట్టి రాసుకున్నావా? పిల్లని దించి, ఒక్కదానివే ఎక్కు."

నేను కాటా మనిషిని, నాకే లెక్క చెప్తుందా అని రోషంగా ఎక్కాను. యాభై ఐదు!

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. "నీ కుక్క బ్రహ్మాండంగా ఉంది. మూడు కిలోలు పెరిగింది, పదకొండుంది. నువ్వే మూడు కిలోలు తరిగావు. నువ్వు తగ్గుతావు, అది పెరుగుతుంది, ముల్లు ఎలా కదులుతుంది తల్లీ?"

గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు, ఊరందరి మూటలూ తూచే నాకు నా బరువు తెలియలేదు. నా ప్యాంటు నడుం వదులైతే ఎలాస్టిక్ సాగిందనుకున్నాను. దాని మెడ బెల్టు బిగుతైతే తడిసి ముడుచుకుందనుకున్నాను. ఇంత తెలివి నీ వైపు నుంచి వచ్చిందో నాన్న వైపు నుంచి వచ్చిందో మీరే తేల్చుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. ప్రతి ఉత్తరంలోనూ "తింటున్నావా?" అని అడుగుతావు, "కడుపునిండా" అని రాస్తాను. అది అబద్ధం. మధ్యాహ్నం దానికి పెట్టేసరికే వేళ అయిపోయేది, నా డబ్బా తెరవకుండానే సాయంత్రం అయ్యేది. రాత్రికి దాని చికెన్ ఉడికేసరికి ఓపికుండేది కాదు, టీలో రెండు బ్రెడ్డు ముక్కలు ముంచుకుని పడుకునేదాన్ని. నా గుడ్డు కూడా దాని నోట్లోకే పోయేది. కోప్పడకు. పుల్ల నాదేనని డాక్టరమ్మ చీటీ మీద సంతకం పెట్టింది. "వచ్చే నెల ఇద్దరూ రండి. ఈసారి చూసేది దాన్ని కాదు, నిన్ను. ఇంకా తగ్గావో, ఇద్దర్నీ ఇక్కడే కట్టేస్తాను" అని బెదిరించింది. ఆ సాయంత్రం చికెన్ ఇద్దరికీ సరిపడా వండాను. దానికి ముందే విడిగా తీసి, నా వాటాలో ఉప్పూ కారం వేసుకుని, కింద కూర్చుని కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాను. అది నా మోకాలి మీద గడ్డం ఆనించి చూస్తూ కూర్చుంది. ఇప్పుడు బాబాయ్ నా డబ్బా తెరిచేదాకా నన్ను ఇంటికి కదలనివ్వడు. చాలా సంతోషంగా ఉన్నానమ్మా, ఇది మాత్రం అబద్ధం కాదు.

కానీ ఆరోజు డాక్టరమ్మ ఇంకో మాట అడిగింది. "ఇన్నాళ్ళూ నీకు ఆకలెయ్యలేదా?" అంది. నేను ఆలోచించకుండా, "అది తింటుంటే చూస్తే నా కడుపు నిండిపోయేదండీ" అన్నాను. అనేశాక గుర్తొచ్చింది. అది నా మాట కాదు, నీది. గిన్నె అడుగు గీకి మా కంచాల్లో వేస్తూ "మీరు తినండర్రా, మీరు తింటే నా కడుపు నిండినట్టే" అనేదానివి. నేను నమ్మి, మారు వడ్డించమని కంచం చాపేదాన్ని. మనసు నిండుతుందేమో గానీ, కడుపు నిండదమ్మా. నేను కాటా ఎక్కి చూశాను.

ఈ ఉత్తరం అందిన రోజే నాన్నని వెంటబెట్టుకుని వెళ్ళి నువ్వూ ఎక్కు. పెళ్ళప్పటి లెక్క చెప్పకు. చేతిలో సంచీ పట్టుకుని ఎక్కకు. ముల్లు ఎక్కడ ఆగితే అదే రాయి. నేను నిజం చెప్పాను, నువ్వూ చెప్పు.

ఇట్లు,
నీ బంగారం