పెంటగడ్డ పేరు మారింది

జనగామ, మే 1984, మంగళవారం

మా వీధి చివరి పెంటగడ్డను ఈ రోజు మా ఆయన మొదటిసారి "పార్కు" అన్నారు. నేను సంతోషపడేలోపే తర్వాతి మాట వచ్చింది. "పార్కు ముంగటి అర్రను బ్యాంకాయన కిరాయికి అడుగుతుండు. సోమ్లిని ఖాళీ చెయ్యమను."

అది మా ఇంటికి ఆనుకున్న గది. కంపుకు ఎవరూ దిగని ఆ అర్రలో, తండా నుంచి కూలికి వచ్చిన సోమ్లి ఒక్కతే అద్దెకు దిగింది. నాతోపాటు చెత్త ఎత్తి, కానుగ మొక్కలకు రెండు ఎండాకాలాలు బిందెలతో నీళ్లు మోసిందీ ఆమే. దాచలేక సాయంత్రం చెప్పేశాను. ఆమె బిందె దించి మొక్కలవైపు చూసింది.

"చెట్లు పెట్టకుంటే నేను గీడనే ఉందును గదా, అక్కా."

ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉంది. ఈ ఇల్లు మా నాయిన నా పేర రాసిచ్చింది. ఇన్నేళ్లలో ఆ సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు. ఈ పూట అన్నం వడ్డిస్తూ ఎత్తాను. "ఇల్లు నా పేర ఉన్నది. సోమ్లి ఏడికీ పోదు. బ్యాంకాయనకు నీడ గావాల్నంటే ఆయనింటి ముంగట మొక్క పెట్టుకొమ్మను. నీళ్లు నేను మోస్త."

ఆయన సగం అన్నం వదిలేసి లేచిపోయారు. రేపు నాతో మాట్లాడతారో లేదో. మా ఇంట్లో ఉండే ఆ అర్ర రెండో తాళంచెవిని మాత్రం, ఆయన చేతికి చిక్కకుండా, కొంగున ముడేసుకునే పడుకుంటున్నాను.