పియో మాస్టారికి ఒక్క మాట

జొన్‌జు, మార్చి మొదటి వారం

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఫొటో అందింది. గుండు, ఏప్రాను, చేతిలో పారంత గరిటె. అమ్మ చూసి, "వీడు సరిహద్దులో దేశాన్ని కాపాడుతున్నాడా, పెళ్ళివంట చేస్తున్నాడా?" అంది. అంటూనే దాన్ని మన పచ్చళ్ళ దుకాణంలో గల్లాపెట్టె పైన అతికించింది. కిమ్చీ కొనడానికి వచ్చినవాళ్ళెవరూ నిన్ను పొగడకుండా బయటపడలేరు.

ఇక నా సంగతి. రెండో సంవత్సరం మొదలైంది. కాలేజీలో చేరినప్పటి నుంచి నేను కలలు కంటున్న ఆర్గానిక్ కెమిస్ట్రీ లాబ్ కూడా మొదలైంది. మొదటి రోజే నా పరువు పోయింది.

లాబ్ నడిపేది ప్రొఫెసర్ పియో. పొట్టిగా ఉంటారు. తెల్లకోటు మోకాళ్ళు దాటి వేలాడుతుంది. రాగానే మా అందరినీ బల్లల చుట్టూ నిలబెట్టి ఇలా అన్నారు: "ఇక్కడ ఒకటే మర్యాద. ఎవరైనా తప్పు చేస్తుంటే చూసినవాళ్ళు 'ఆగు' అనాలి. దానికి ముందు సారూ, అన్నయ్యా, అక్కా తగిలించొద్దు. వెనక 'అండి' కూడా వద్దు. తప్పు చేసేది నేనైనా సరే, డీన్ గారైనా సరే."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. యాసిడ్ సీసాలా నటిస్తున్న నీళ్ళ సీసాని చేతిలోకి తీసుకుని, "నేను ఒంపబోతున్నాను. ఒక్కొక్కరే నన్ను ఆపండి," అన్నారు. పిల్లలంతా వరసగా "ఆగు" అని కేకలు పెట్టారు. కొందరు సరదా కొద్దీ గోడలు అదిరేలా పెట్టారు. చివరికి నా వంతు వచ్చింది. "మాస్టారూ, దయచేసి, ఒక్క క్షణం..." అన్నాను.

"ఈలోపు నా చెయ్యి కాలిపోయింది," అన్నారాయన.

అన్నయ్యా, నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ మాట అనేదాకా నేను మంట జోలికి, మందుల జోలికి వెళ్ళకూడదట. గాజు సామాను కడగాలట. మిడ్‌టర్మ్ లోపు అనకపోతే జాబితాలోంచి నా పేరు కొట్టేస్తారట. ఈ లాబ్ లేకుండా మూడో సంవత్సరంలోకి వెళ్ళలేను. అమ్మ మాట నీకు తెలుసుగా: "చదువు సాగకపోతే ఏడవకు, వచ్చి దుకాణంలో కూర్చో." నాకు దుకాణం వద్దు. గాజు గొట్టం అడుగున తెల్లటి స్ఫటికాలు ఏర్పడుతుంటే చూడాలి నాకు, అవి నా చేత్తో చేసినవి కావాలి.

మనింట్లో ఎలా పెరిగామో నీకు వేరే చెప్పాలా? తాతయ్య చెంచా ఎత్తనిదే ఎవరం తినం. బాబాయి పెళ్ళికి తాతయ్య కోటు వీపు మీద లాండ్రీ చీటీతో తిరిగితే, ఇంటిల్లిపాదీ చూశాం, ఒక్కరమైనా చెప్పామా? పెళ్ళి ఫొటోలన్నింట్లో ఆ చీటీ ఉంది. అలాంటి ఇంటి పిల్లని, ఆ మాట నేను ఎలా అనగలను?

దిగులుగా,
సోరిమ్

*

ఇంజె, మార్చి మూడో వారం

మా ఇంటి మూగనోముకి,

నీ ఉత్తరం చదివి కడుపుబ్బ నవ్వాను. పక్క మంచంవాడు నాకేదో అయిందనుకున్నాడు.

ఒక్క మాట అనడానికి ఇంత గోలా? నన్ను చూసి నేర్చుకో. పొద్దున లేచింది మొదలు ఇక్కడ అరుపులే. నేను అరిస్తే కొండ అవతల మంచు జారుతుంది. మా వంటింటి పెద్ద కార్పొరల్ నమ్‌గుంగ్ ఉన్నాడు, నాకంటే వయసులో చిన్నవాడు, హోదాలో పెద్దవాడు. తాను వచ్చేసరికి నేను కూరగాయలు తరిగి ఉండకపోతే నన్నే తరుగుతాడు. వాడి ముందు కూడా నా గొంతు ఖంగుమంటుంది.

నీకో చిట్కా. హాస్టల్ వెనక కొండ ఉందిగా? తెల్లారగానే ఎక్కి కాకుల మీద అరువు. కాకులు ఆగేదాకా అరువు. ఆ తర్వాత మీ మాస్టారు ఏ పాటి?

అమ్మకి చెప్పు, నేను సన్నబడలేదు. వండేవాడు సన్నబడడు.

నీ వీర సైనికుడు,
సోక్‌జున్

*

జొన్‌జు, ఏప్రిల్ మొదట్లో

ప్రియమైన వీర సైనికుడికి,

నీ చిట్కా పాటించాను. కొండెక్కి, కాకుల్ని చూసి, కళ్ళు మూసుకుని "ఆగు" అని అరిచాను. కాకులు ఎగిరిపోయాయి. ముందు నడుస్తున్న ఒక పెద్దాయన మాత్రం ఆగిపోయాడు. చేతులు కూడా కొంచెం పైకెత్తాడు. నేను పరిగెత్తుకెళ్ళి నడుం వంచి, "క్షమించండి తాతగారూ, మిమ్మల్ని కాదు, కాకుల్ని," అన్నాను. "కాకులు నిన్నేం చేశాయమ్మా?" అన్నాడు పాపం. ఇంకెప్పుడూ ఆ కొండెక్కను.

వారం వారం లాబ్ మొదలయ్యే ముందు పియో మాస్టారు నా ముందుకొచ్చి సీసా ఎత్తుతారు. నేను నోరు తెరుస్తాను. గాలి వస్తుంది. "వినపడలేదు," అని వెళ్ళిపోతారు. ఒకసారి ఆయన తలుపు దాటి వెళ్ళాక అన్నాను, చక్కగా వచ్చింది. తలుపు విన్నది.

మా బల్ల దగ్గర అందరికంటే పెద్దవాడు కీహన్ అన్నయ్య. సైన్యంలో తప్పనిసరి గడువు ముగించుకుని తిరిగొచ్చి చదువుతున్నాడు. మొదటి రోజు అందరికంటే గట్టిగా అరిచింది అతనే. "ఏం సోరిమ్, ఇవాళ కూడా గిన్నెలేనా? మా ఇంట్లో కూడా ఉన్నాయి, వచ్చి తోమరాదూ?" అంటాడు. నవ్వుతాను. ఇంకేం చెయ్యను, పెద్దవాడు కదా. పెదవి కొరుక్కుంటూ ఫ్లాస్కులు తోముతాను. అవతల వాళ్ళంతా స్ఫటికాలు వడగడుతుంటే నా చేతులకి సబ్బు తప్ప వేరే వాసన లేదు.

మొన్న ఉండబట్టలేక మాస్టారినే అడిగాను. "నాకు తప్పు కనిపిస్తుందండీ, చెప్పడమే రాదు. దానికి ఇంత శిక్షా?"

ఆయన ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టారు. చివరి రెండు వేళ్ళు వంగవు. చర్మం ముడతలు పడి మెరుస్తుంది. "నేను పరిశోధన చేసే రోజుల్లో మిగిలిపోయిన యాసిడ్‌ని తప్పు సీసాలో పోశాను. పక్కనే నా జూనియర్లు ఉన్నారు. అందరూ చూశారు. ఆయన పెద్దవాడు, ఆయనకి తెలియదా అనుకున్నారు. సీసా పేలాక ఆస్పత్రికి వచ్చి చాలా వినయంగా వంగి నమస్కారాలు పెట్టారు." ఆ వేళ్ళ వైపు చూసుకుని, "ఇది వాళ్ళు నాకిచ్చిన గౌరవం," అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన మీద కోపం పోయింది. భయం మాత్రం అలాగే ఉంది. మిడ్‌టర్మ్ దగ్గరకొచ్చింది. ఏం చెయ్యనన్నయ్యా?

సబ్బు చేతులతో,
సోరిమ్

*

ఇంజె

సోరిమ్‌కి,

ఎక్కువ రాయడానికి టైము లేదు. ఒకటి అడగాలి, సరిగ్గా జవాబు రాయి.

ఎవరైనా నిజంగా ఆపితే ఏమవుతుంది? అంటే, ఆ మాట అన్నాక, మరుక్షణం. మాస్టారు ఏమంటారు? పక్కవాళ్ళు ఎలా చూస్తారు? ఆ మర్నాడు ఎలా ఉంటుంది? ఊరికే అడుగుతున్నాను.

చలి ఇంకా తగ్గలేదు. వచ్చే నెల నుంచి బుధవారాల్లో కూడా కోడి వేపుడు పెడతారట.

అన్నయ్య

*

జొన్‌జు, మిడ్‌టర్మ్ వారం

అన్నయ్యా, అన్నయ్యా, అన్నయ్యా,

ముందు కూర్చో. గరిటె కింద పెట్టు.

నిన్న నాకు ఆఖరి గడువు. మధ్యాహ్నం లాబ్ సరిగ్గా మొదలయ్యే వేళకి డీన్ గారు నలుగురు అతిథుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. కొత్త లాబ్ భవనానికి విరాళం ఇచ్చే పెద్దలట. నన్ను పరీక్షించడానికి మాస్టారికి తీరికే లేకపోయింది. "వీళ్ళకి చిన్న ప్రయోగం ఒకటి చేసి చూపించండి," అన్నారు డీన్. మాస్టారు స్పిరిట్‌లో పొడి కలిపి, ఫ్లాస్కుని హాట్‌ప్లేటు మీద పెట్టారు. నేను యథాప్రకారం సింకు దగ్గర.

నీకు ఒకటి చెప్పాలి. ద్రవాన్ని వేడి చేసే ముందు అందులో చిన్న గరుకు రాళ్ళు నాలుగు వేస్తారు. అవి ఉంటే నెమ్మదిగా మరుగుతుంది. మర్చిపోతే, పైకి కదలకుండా లోలోపల విపరీతంగా కాగుతుంది. అప్పుడు గుర్తొచ్చి రాళ్ళు వేశావో, ఒక్కసారిగా పొంగి మొహాన చిమ్ముతుంది. కింద కాలుతున్న హాట్‌ప్లేటు, చుట్టూ స్పిరిట్. మిగతాది నువ్వే ఊహించుకో.

అతిథులు ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. మాస్టారు వాళ్ళ వైపు తిరిగి జవాబులు చెబుతూనే ఉన్నారు. ఫ్లాస్కు మరగాల్సిన సమయం దాటిపోయింది. ఒక్క బుడగ లేదు. ఇన్ని వారాలు గాజు సామాను తప్ప వేరేది చూడని దాన్ని కదా, నాకు అది దూరం నుంచే తెలిసిపోయింది. ఆయన మాటల్లోనే ఉండి, చూడకుండానే, రాళ్ళ డబ్బాలోకి చెయ్యి పెట్టారు. గుప్పెట ఫ్లాస్కు మూతి పైకి వచ్చింది.

"ఆగు."

ఎవరు అన్నారా అని నేనే వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ ఉంది.

మాస్టారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆయన ఫ్లాస్కు వైపు చూశారు. గుప్పెట మెల్లగా వెనక్కి తీసుకుని, రాళ్ళు డబ్బాలో వేసి, హాట్‌ప్లేటు ఆపేశారు.

డీన్ గారి మొహం ఎర్రబడింది. "ఏమ్మాయ్, ప్రొఫెసర్ గారితో మాట్లాడే పద్ధతేనా ఇది? ఎవరింటి పిల్లవి?" అన్నారు.

పియో మాస్టారు అడ్డం వచ్చారు. "ఈ గదిలో ఈ అమ్మాయి ఒక్కతే పద్ధతిగా మాట్లాడిందండి. తను ఆపకపోతే మీ అతిథుల్ని ఆస్పత్రిలో చూపించాల్సి వచ్చేది."

తర్వాత ఆయనేం చేశారో తెలుసా? నా వైపు తిరిగి, నడుం పూర్తిగా వంచి నమస్కారం పెట్టారు. నాకు, సబ్బు చేతుల సోరిమ్‌కి. నేనింకా కిందికి వంగబోయి సింకుకి నుదురు కొట్టుకున్నాను. బొప్పి ఉంది, ఇంటికొచ్చినప్పుడు నీకు చూపించాలని దాచుకుంటున్నాను.

అతిథులు వెళ్ళాక ధైర్యం చేసి అడిగాను. "మాస్టారూ, నా కోసమేనా ఇదంతా? కావాలనే చేశారా?"

"డీన్ గారికి అలాగే చెప్పాలని ఉంది," అన్నారాయన. "కానీ కాదు. నిజంగానే మర్చిపోయాను."

కీహన్ అన్నయ్య నా పక్కన నిలబడి చెవులు ఎర్రగా చేసుకుని, "నేనూ చూశాను సోరిమ్. మర్యాదగా ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను," అన్నాడు. చుట్టూ చూశాను. మొదటి రోజు గోడలు అదరగొట్టినవాళ్ళంతా నేల చూపులు చూస్తున్నారు. అన్నయ్యా, నేను గర్వపడ్డాను. చాలా గర్వపడ్డాను. అది తప్పని నువ్వు అన్నా సరే.

నువ్వు అడిగావుగా, మరుక్షణం ఏమవుతుందని. మరుక్షణం చచ్చిపోవాలనిపిస్తుంది. దాని తర్వాతి క్షణం, అవతలివాళ్ళు బతికే ఉన్నారని కనిపిస్తుంది. అంతే. ఇక మర్నాడంటావా, ఇవాళే ఆ మర్నాడు. ఇవాళ మాస్టారు ఒక్క మాటా ఎత్తకుండా నా చేతికి ఫ్లాస్కు, పొడి, గరుకు రాళ్ళు ఇచ్చి వెళ్ళిపోయారు. రాళ్ళు ముందే వేశాను. సాయంత్రానికి అడుగున తెల్లగా, సూదుల్లా స్ఫటికాలు ఏర్పడ్డాయి. నావి. పొరుగు బల్లలవాళ్ళు కూడా వచ్చి చూసిపోయారు.

నీ వంట రోజులు ఎలా ఉన్నాయి? ఆ ఉత్తరంలో నీ గొంతు నీది కాదనిపించింది. నిజం రాయి.

స్ఫటికాల యజమానురాలు,
సోరిమ్

*

ఇంజె, మే రెండో వారం

ప్రియమైన సోరిమ్‌కి,

నిజమే రాస్తున్నాను.

నేను అరిస్తే కొండ అవతల మంచు జారుతుందన్నాను చూడు, అవన్నీ కోతలు. ఇక్కడికొచ్చాక నా నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటే, "అలాగేనండి". కార్పొరల్ నమ్‌గుంగ్ కాగిన నూనెలో మంచు కరగని కోడిముక్కలు గంపెడూ ఒకేసారి గుమ్మరిస్తాడు. ప్రతిసారీ నూనె పైకి లేస్తుంది. అందరం ఒక అడుగు వెనక్కి వేస్తాం. ఎవరం మాట్లాడం. ఒక రోజు నూనె చిమ్మి ఒకడి మెడ కాలింది. ఆ రాత్రే నీకు ఆ పొట్టి ఉత్తరం రాశాను.

నీ ఉత్తరం చదివి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. నిన్న బుధవారం.

నూనె మరీ కాగిపోయింది, పొగ లేచింది, చూస్తుండగానే మూకుడు అంటుకుంది. నమ్‌గుంగ్ కంగారులో నీళ్ళ బకెట్ ఎత్తాడు. మండే నూనెలో నీళ్ళు పడితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. వంటింట్లో ఏడుగురం ఉన్నాం, బయటికి పోవడానికి ఒకటే తలుపు.

అన్నాను సోరిమ్. ఒక్క మాటే. అండి లేదు, కార్పొరల్ లేదు. బకెట్ ఆగింది. నేను గ్యాసు కట్టేసి, పెద్ద మూత తెచ్చి మూకుడు మీద బోర్లించాను. మంట చచ్చిపోయింది. నువ్వు రాసినట్టే, ముందు చచ్చిపోవాలనిపించింది, తర్వాత చూస్తే అందరూ బతికే ఉన్నారు. నమ్‌గుంగ్ బకెట్ కింద పెట్టి దాని మీదే కూర్చోబోయి నీళ్ళలో కూర్చున్నాడు. ఒక్కడికీ నవ్వు రాలేదు.

అరుపు విని ఆఫీసరు గారు పరిగెత్తుకొచ్చారు. "ఎవడ్రా అరిచింది?"

"నేనేనండి."

"ఎవరి మీద?"

"కార్పొరల్ నమ్‌గుంగ్ మీదండి."

కింది సిపాయి పైవాడి మీద అరవడమంటే ఇక్కడ ఏమిటో నీకు తెలియదు. సెలవు పోతుంది, ఇంకా చాలా పోతాయి. ఆయన నా పేరు పట్టీ చదివారు. "నీకు ఎంత పొగరు?" అనబోతుండగా, తడి ప్యాంటుతో నమ్‌గుంగ్ లేచి నా పక్కన నిలబడ్డాడు.

"వంటింట్లో ఎవరైనా ఎవరినైనా అలా ఆపొచ్చండి. అది మా పద్ధతండి," అన్నాడు.

ఆఫీసరు గారు మూత వైపు, పొగ వైపు, వాడి ప్యాంటు వైపు చూశారు. "ఎప్పటి నుంచి?"

"ఇవాళ్టి నుంచండి."

నీ శిష్యుడు,
సోక్‌జున్