తిప్పకూడని గుడ్లు

షామీర్‌పేట,
9 జూలై 1999.

వియ్యంకులు రాజారావు అన్నయ్యగారికి నమస్కారాలు. నేను క్షేమం. నా జెర్రిపోతు పెట్టిన పదకొండు గుడ్ల క్షేమమే తెలియదు.

ముందుగా ఒక దిద్దుబాటు. నిన్న ఫోనులో, గుడ్డు ఏదైనా గుడ్డే కదమ్మా అన్నారు. కాదు. కోడిగుడ్డును తిప్పకపోతే పిల్ల పెంకుకు అంటుకుంటుంది. పాముగుడ్డును తిప్పితే లోపలి పిల్ల చచ్చిపోతుంది. పెట్టిన రోజే వెనకగదిలో కుండలో సర్ది, ఒక్కో గుడ్డు పైవైపున పెన్సిలుతో గీత గీశాను. అలంకారానికి కాదు.

నేను ఏలూరు పెళ్ళికి వెళ్ళిన ఐదు రోజులూ మా ఇంట్లో మకాం పెట్టి మీరు చేసిన సేవ పనిమనిషి శివమ్మ చెప్పింది. “సారు మస్తు పరేషాన్ అయిండమ్మా. పొద్దుగాల, పగటికి, మాపటికి అన్ని గుడ్లు తిప్పిండు. నన్ను సుత ముట్టనియ్యలే” అంది. పదకొండింటికీ మీరొక్కరే సరిపోయారన్నమాట.

ఇవి ఈ చెరువు పక్క పొలాల్లో తిరిగే గడ్డిపసుపు రంగు జెర్రిపోతులు. నాగుపాముకు మొగుడని నమ్మి కనబడ్డదాన్నల్లా కొట్టి చంపారు. ఇప్పుడు రైతుకంటే ముందు ఎలుకలు వరి కోసుకుంటున్నాయి. అటవీశాఖ కాగితం తెచ్చుకుని మూడేళ్ళు ఈ జతను సాకితే ఇది మొదటి ఈత. పిల్లల్ని తన మడిలో వదిలితే కర్ర ఎత్తనని నర్సయ్య ఒట్టేశాడు. ఆ రైతుకు ఇప్పుడేం చూపించను? మేడ్చల్‌లో మీ హేచరీ కోడిపిల్లల్నా?

మన నవ్యశ్రీ ఎదుట మిమ్మల్నేమీ అనలేదు. ఆ పిల్లే, తాతయ్య కావాలని చెయ్యలేదు అమ్మమ్మా అని ముమ్మారు చెప్పింది. మీ ఇంటిపేరు ఊరికే పోతుందా!

ఇకమీదట మా వెనకగదిలో అడుగు పెట్టకండి. భోజనానికి రావచ్చు. వరండాలో వడ్డిస్తాను.

ఇట్లు,
బాలాత్రిపురసుందరి

తా.క. బస్సెక్కుతూ, మీ హేచరీ గుడ్లలాగే చూసుకోండి అన్నది నేనే. ఆ గీతలెందుకో చెప్పనూ లేదు. ఉత్తరం మొదలుపెట్టేటప్పటికే ఇదంతా గుర్తుంది. నిన్న ఫోనులో మీరు ఆ మాట ఎత్తకుండా నా తిట్లన్నీ పడ్డారు. అందుకే మరీ మండింది.

ఆదివారం పొద్దున్నే గుడ్డు లోపల చూసే మీ లైటు పట్టుకురండి. కుండలోంచి తియ్యకుండా పక్కనుంచి చూడాలి. ఎర్రటి నరాలు ఒక్కదాంట్లో కనిపించినా చాలు. లైటు మీరే పట్టుకోవాలి. దారిలో నాలుగు కొత్త బ్యాటరీలు కొనండి. కొట్లోనే వేసి, వెలుగుతుందో లేదో చూసుకుని మరీ తీసుకోండి.