నువ్వు రావడానికి కారణాలు

హా మొలాటి,
ఏప్రిల్, ఈస్టరు వెళ్ళిన వారం

తమ్ముడు సెలోకి,

అక్క దీవెనలు. నేను బాగానే ఉన్నానని రాయడం అలవాటు కాబట్టి అలాగే రాస్తున్నాను.

ఈస్టరుకి వస్తానన్నావు. నేను నమ్మాను. నమ్మి జొన్నలు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, రాతి మీద నూరాను. మా అత్త వాటితో కల్లు కాచింది. శనివారం మధ్యాహ్నం దాకా దారి చూశాం. టాక్సీ వచ్చింది. అందులోంచి చర్చి పాస్టరుగారి చెల్లెలు దిగింది, కాళ్ళు కట్టేసిన కోళ్ళు దిగాయి, నువ్వు దిగలేదు. ఆదివారానికి కల్లు పులిసిపోతోంది. అత్త ఇక ఆగలేక కల్లు అమ్మకానికుందని వాకిట్లో కర్రకి తెల్లజెండా కట్టేసింది. ఆ జెండా కనబడితే మనవాళ్ళు ఊరుకుంటారా? ఊరంతా ముంతలు పట్టుకుని దిగింది. నా ఒంటి మీది నల్లగుడ్డ తీసే రోజుకని కాచిన కల్లు కొనుక్కు తాగి, "మాతెబెలో, నీ తమ్ముడు నెలకోసారి ఇలాగే రాకుండా ఉండాలమ్మా" అని నన్ను దీవించి పోయారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏం చేస్తాను?

నీకు తెలియనిది కాదు, అయినా నీ చెవిన వేయడం నా వంతు. మా ఆయన రంత్సో పోయి చలికాలం వెళ్ళింది, ఎండాకాలమూ వెళ్ళింది. ఆయన గుండెల్లో ఆ గని దుమ్ము పేరుకుని ఎంత బాధపడ్డాడో చూసినదాన్ని, ఆయన కోసం ఎన్నాళ్ళైనా నలుపు కట్టుకుంటాను. కానీ ఊరి పెద్దలే ఇక చాలన్నారు. పుట్టింటివాళ్ళు కొత్త బట్టలూ కంబళీ తెచ్చి, ఈ గుడ్డ కత్తిరించి, తల గొరిగి, నీళ్ళు పోస్తే నేను మళ్ళీ మనుషుల్లో పడతాను. అందాకా పొద్దు కొండ మీద వాలేలోపు ఇంట్లో ఉండాలి. పశువుల దొడ్లోకి వెళ్ళకూడదు, నా ఆవు పాలు నేను పితుక్కోకూడదు. పనికి తప్ప ఒకరింటి గడప తొక్కకూడదు, ఎక్కడ కూర్చున్నా తలుపు పక్కనే కూర్చోవాలి. ఇంత పెద్ద కొండల మధ్య ఉంటూ నాకు నడవడానికి చోటు లేదు, సెలో.

మనకి మేనమామలు లేరు. నాన్న లేడు. మన ఇంటి నుంచి మిగిలినవాడివి నువ్వొక్కడివే. "వాడికి సెలవు దొరకలేదత్తా" అన్నాను. "గనిలో వాడొక్కడే తవ్వుతున్నాడేంటే బంగారం?" అంది.

నీ అక్క,
మొసేలా

*

హా మొలాటి,
జూలై, నడి చలికాలం

తమ్ముడు సెలోకి,

నీ ఉత్తరం అందింది. మళ్ళీ సెలవు లేదన్నావు. సరే.

ఇక్కడ మంచు పడి దారి మూసుకుపోయింది. టాక్సీలు పైకి రావడం లేదు. పేడ పిడకలు తడిసి పొగ తప్ప మంట లేదు. ఇంత చలిలోనూ నేను వంట చేసే ఫకిసోగారి విడిది గుడిసెలకి అతిథులు గుర్రాల మీద వస్తూనే ఉన్నారు. చలిని చూడ్డానికి డబ్బిచ్చి వచ్చే జనం ఉంటారని మన అమ్మ బతికుంటే నమ్మేది కాదు.

మొన్న ఫకిసోగారు పనివాళ్ళందరినీ పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. ఒకప్పుడు బడి పంతులు కదా, ఇప్పటికీ ప్రశ్నలడగడం మానలేదు. "మన కొండల్లోకి జనం ఎందుకు రావాలి? తలా ఒక కారణం చెప్పండి. కాగితం అచ్చు వేయించి దిగువ పట్నంలో పంచుతాను" అన్నారు. గుర్రాలు తోలే ముసలాయన వెంటనే "గుర్రం మీంచి పడ్డానికయ్యా, ఇంకెందుకు?" అన్నాడు. అందరూ నవ్వారు. జలపాతం అన్నారు, చుక్కలన్నారు, మంచి గాలి అన్నారు. ఫకిసోగారు నా వైపు చూసి "నువ్వు చెప్పమ్మా, మాతెబెలో" అన్నారు. "ఇంత దూరం ఎక్కొస్తే ఆకలి బాగా వేస్తుందయ్యా. సంకటీ ఆకుకూరా పెట్టినా విందులా తింటారు" అన్నాను. ఆయన అదీ రాసుకున్నారు.

ఆకలి గురించి చెప్పాను గానీ, ఆ ఆకలికి వండిపెట్టే పని నా చేతిలోంచి జారిపోయేలా ఉంది. అతిథులు తినేది పొద్దు వాలాక. నేను ఇంట్లో పడేది పొద్దు వాలకముందే. మధ్యాహ్నమే వండి మూతపెట్టి వస్తున్నాను. చల్లారిన కూడు తిని మొహాలు చిట్లిస్తున్నారట. నిన్న ఫకిసోగారు నన్ను పక్కకి పిలిచారు. పాపం, ఆయనే నేల చూపులు చూశారు. "పీచ్ చెట్లు పూసేదాకా ఆగుతానమ్మా. ఆ తర్వాత గుడిసెలన్నీ నిండిపోతాయి. రాత్రి ఉండి వేడివేడిగా వడ్డించే మనిషి కావాలి నాకు. మీ తమ్ముణ్ణి ఒక్కరోజు రమ్మనలేవా?" అన్నారు. ఆ పని పోతే అత్తా నేనూ ఏం తింటామో నాకు తెలియదు. ఆవిడకీ తెలియదు, అయినా ఒప్పుకోదు.

ఇంకో ముచ్చట చెబుతాను, నవ్వుకుంటావు. ఒక దొరసాని నా నల్లగుడ్డ పట్టుకుని చూసి, ఇది మీ సంప్రదాయ దుస్తులా, ఎక్కడ కొనుక్కోవచ్చు అని అడిగించింది. "కొనుక్కోనక్కర్లేదు, మొగుడు పోతే ఊరికే ఇస్తారు" అందామని నోటిదాకా వచ్చింది.

ఫకిసోగారి కాగితంలో రాయని కారణాలు నీకు చెబుతాను. అమ్మ గోరీ మీద రాళ్ళు జారిపోయాయి, నేను తాకకూడదు కాబట్టి ఎవరూ పేర్చలేదు. నువ్వెక్కి తిరిగిన గుడ్డి గుర్రం ఇంకా బతికే ఉంది. ఇక్కడ నన్నందరూ మాతెబెలో అంటారు. పెళ్ళినాడు అత్తింటివాళ్ళు పెట్టిన పేరు, తెబెలో తల్లి అని. ఆ తెబెలో పుట్టనే లేదు. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, చావు కన్ను పడకుండా అమ్మ నాకు పెట్టుకున్న కుక్కతోక అని అర్థమొచ్చే పేరుతో మొసేలా అని పిలిచేవాడివి నువ్వొక్కడివే. ఆ పిలుపు విని చాలా కాలమైంది.

నాకు ఏడుపు రావడం మానేసింది, సెలో. ఒట్టి అలసట. పొద్దున్నే లేవగానే ఈ గుడ్డ చూసుకుంటే, మళ్ళీ నేనేనా అనిపిస్తుంది. ఒక్కరోజు రా. తిని, పడుకుని, పొద్దున్నే వెళ్ళిపో.

నీ అక్క,
మొసేలా

*

హా మొలాటి,
సెప్టెంబరు

తమ్ముడు సెలోకి,

ఈ ఉత్తరం గని హాస్టలుకి పంపడం లేదు. టాక్సీ స్టాండుకి పంపుతున్నాను. నువ్వు అక్కడే బళ్ళు కడుగుతున్నావట కదా.

సెఖోబె వచ్చి చెప్పాడు. అదే గనిలో పని చేసేవాడే, వాళ్ళ అమ్మకి బాగోలేదని వచ్చాడు. వాకిట్లో నిలబడి, "కిందటేడు చలికాలంలోనే వందలమందిని తీసేశారక్కా. సెలో పేరూ అందులో ఉంది. మీ ఉత్తరాలు హాస్టల్లో నేనే అందుకుని వాడికిస్తున్నా. చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. కంబళి కొనుక్కునేదాకా ఊళ్ళో మొహం చూపించనన్నాడు" అని తల దించుకున్నాడు. అంటే సెలవు దొరకలేదని నువ్వు రాసిన రోజుల్లో నీకు రోజూ సెలవే.

నాకు కోపం వచ్చింది. దాచను. పని పోయినందుకు కాదు. కంబళి లేకుండా వస్తే నీ అక్క నీ చేతుల వైపు చూస్తుందనుకున్నావు చూడు, అందుకు. ఆ రోజు నూరురాతి మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఏడుపు మానేసిందని రాశాను కదా, తప్పు రాశాను.

అత్త అంతా విన్నది. సెఖోబె వెళ్ళాక సగం చీకట్లో కూర్చుని, "కంబళి లేదని రాలేదా వాడు?" అంది. అవునన్నాను. "సిగ్గుపడ్డాడా?" అంది. అవునన్నాను. "దరిద్రుడు" అంది. ఆ తర్వాత రాత్రి అన్నం తింటున్నంత సేపూ నోరు తెరవలేదు. అత్త నోరు తెరవకపోతే ఒంట్లో బాగోలేదేమోనని భయపడ్డాను.

పీచ్ చెట్లు అప్పటికే పూసేశాయి. ఫకిసోగారు ఇంకో వంటమనిషి కోసం కబురు పెట్టారని విన్నాను. శనివారం పొద్దున్న లేచేసరికి అత్త ఇంట్లో లేదు. కల్లు కుండ నిండుగా ఉంది, ఎప్పుడు కాచిందో. నేను నీళ్ళు తోడుతున్నాను. బయటినుంచి "కోకో!" అని ఇంటికొచ్చినవాళ్ళు పిలిచే పిలుపు. ఎవరో చుట్టాలని తలుపు తీశాను. అత్తే. ఆదివారం గౌను వేసుకుంది. చంకలో కంబళి. రంత్సో మొదటి జీతంతో వాళ్ళమ్మకి తెచ్చిన కంబళి అది. పెట్టెలోంచి ఒక్కసారి కూడా తీసి కప్పుకోలేదు, పోయినప్పుడు తన మీద కప్పమనేది. వెనకాల ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నోరు నొక్కుకుని నవ్వుతున్నారు.

"ఎవరు?" అన్నాను, ఏమనాలో తెలియక.

"మొసేలా పుట్టింటివాళ్ళం. చాలా దూరం నుంచి నడిచొచ్చాం. ఈ ఇంటి ముసల్ది ఉందా?" అంది.

మొసేలా అంది, సెలో. ఈ ఇంటికి వచ్చాక ఆ నోట ఆ పేరు వినడం అదే మొదలు.

"లేదు, బయటికెళ్ళింది" అన్నాను.

"మంచిదైంది. ఆవిడుంటే సవాలక్ష వంకలు పెట్టేది" అంటూ లోపలికొచ్చింది.

పక్కింటి పెద్దావిడ ఒకామె "ఇదేం చోద్యమే! అత్తే పుట్టిల్లా?" అని గొణిగింది. అత్త వెనక్కి తిరిగి, "నాకు ఆడపిల్లలు లేరు. ఇప్పుడు కన్నాను. నొప్పులు నావి, నీకేం?" అంది. కత్తెర తీసి మెడ దగ్గర నల్లగుడ్డ కత్తిరించింది. కత్తెర మొన నా భుజం మీద గీసుకుంది కూడా. తల గొరిగింది. నీళ్ళు పోసింది. కంబళి కప్పి, చారలు నిలువుగా ఉండేలా సర్ది, పిన్ను పెట్టింది. ఆ గుడ్డ పొయ్యిలో కాలుతుంటే ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. కాలుతున్నది తన కొడుకు తాలూకు ఆఖరి గుర్తు. ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి, పొగ అంది.

తర్వాత అతిథులు కూర్చునే వైపు కాళ్ళు బారజాపుకుని కూర్చుని నా చేత కల్లు పోయించుకుంది. "మా పిల్లని ఆ ముసల్ది బాగా చూసుకుంటోందా?" అని అడిగింది. "నోరు మంచిది కాదు. తక్కినదంతా పర్లేదు" అన్నాను. "దానికి చెప్పండి, మేం మళ్ళీ వస్తామని" అంది. నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. ఆవిడ నా గుండు మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

సాయంత్రం పుట్టింటివాళ్ళు సెలవు తీసుకుని వెళ్ళిపోయారు. మలుపు దాకా సాగనంపాను. కాసేపటికి అత్త తిరిగొచ్చి "పొయ్యి ఆరిపోయిందేంటే? పొద్దుట్నుంచీ ఏం చేస్తున్నావ్?" అని మొదలుపెట్టింది. ఆ రాత్రి చుక్కలు పొడిచాక విడిదికి వెళ్ళి పొయ్యి ముందు నిలబడ్డాను. ఫకిసోగారు గరిట అందించారు.

కాబట్టి సెలో, ఇక నువ్వు గుడ్డ తీయడానికి రానక్కర్లేదు. కంబళి తేనక్కర్లేదు. పుట్టింటివాళ్ళు వచ్చి వెళ్ళారు, ఊరంతా సాక్ష్యం. నిన్నెవరూ ఏమీ అనరు. అనేవాళ్ళుంటే మా అత్త చూసుకుంటుంది. నువ్వు రావడానికి నేను చెప్పిన కారణాలన్నీ అయిపోయాయి. చేతులూపుకుంటూ రా. దారి తెరిచారు, ఈ ఉత్తరం తెచ్చిన డ్రైవరే నిన్ను ఊరికే ఎక్కించుకుంటానన్నాడు.

సెఖోబె చెప్పాక, ఇంతకాలం మన మధ్య అడ్డం కంబళే అనుకున్నాను. ఇప్పుడు కూడా రాకపోతే, అడ్డం కంబళి కాదని నాకు తెలిసిపోతుంది.

నీ అక్క,
మొసేలా