అన్న కంప్యూటరూ నీ లాప్‌టాపూ

రూబీ, లేవగానే ముందు అన్నం తిను. రాత్రి అలిగి పడుకున్నావు. పప్పు, గోంగూర పచ్చడి మూతపెట్టి ఉన్నాయి. నేను ప్రార్థన కూటానికి త్రిపురాంతకం పోతున్నాను, సాయంత్రం వస్తాను.

లాప్‌టాప్‌ను బొంత మీద పెట్టొద్దు, గాలాడక కాగిపోతోంది. నాలుగు మూలల కిందా పలక ముక్కలు పెట్టినాను, వాటి మీదే ఉంచు.

మార్కాపురం దుకాణంలో వెనక్కిచ్చేస్తానన్నావు, వద్దు. వాళ్లేం మోసం చేయలేదు. రెండింట్లోనూ ఒకే పేరు గ్రాఫిక్స్ కార్డు ఉందని నిన్న పెళ్లి పాట వీడియో ముక్క రెండింట్లో తయారుకు పెట్టి చూసినారు గదా. మీ అన్న కంప్యూటర్‌లో నేను చారు దించేలోగా అయిపోయింది, నీ దాంట్లో సగం కూడా కాలేదు. "నేను చెప్తే వింటివా?" అని మీ అన్న పాల్ రాజు నవ్వినాడు. వాడి డబ్బాకి కరెంటు నిండుగా అందుతుంది, ఫ్యాన్లు పెద్దవి. నీది పలచన, కాగేకొద్దీ నెమ్మదిస్తుంది. నా పేరూ మా తోడికోడలి పేరూ ఎలీషబానే. పేరొకటే అని ఇద్దరం ఒక్కతీరున బిందెలు మోసినామా ఏంది?

అయినా పెళ్లింట్లోనే కూర్చుని ఫోటోలు చూపించేది నువ్వు. వాడు ఆ డబ్బాను ఆటోలో వేసుకుని ఊరూరా తిరుగుతాడా?

ఇంకోటి మర్చిపోయినాను. పామూరు పెళ్లివాళ్లు రేపే వీడియో కోసం వస్తారు, నీ దాంట్లో రేపటికి కాదు. వాడు పిలవడు, నువ్వు అడగవు. "పగలు చెల్లెలు కూర్చుంటాది రా" అని నేనే చెప్పినాను. తలూపి పనికి పోయినాడు. నీ కుర్చీ వాడి కంప్యూటర్ ముందర వేసిపోతున్నాను. – అమ్మ