నాయన సంచిలో నా బియ్యం

ఆదివారం, ఆదోని

ఒళ్లు మండిపోతోంది. వచ్చే నెల నాయనా నేనూ నల్లమల అడవి గుండా శ్రీశైలం నడిచి వెళ్లాలి కదా, అలవాటు కోసం ఈ పొద్దున సంచులు తగిలించుకుని కోట కొండ ఎక్కడం మొదలుపెట్టాం. నా సంచి తేలిగ్గా ఉందేమిటా అనుకుంటూనే ఉన్నాను. సగం దూరంలోనే ఆయన మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. ఆయన సంచి విప్పితే నా బియ్యం, నా నీళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి.

"ఇవి నువ్వెందుకు పెట్టుకుంటివి నాయనా?" అని అరిచాను.

"ఆడపిల్లవి, యాడ మోస్తావులేమ్మా."

"నాకు నలభై ఏండ్లు! ఇట్లయితే నేను శ్రీశైలం రాను పో."

"ఉంటే ఏమి? నువ్వు రాకుంటే నేనొక్కన్నే పోతా."

పోతాడు కూడా, అంత మొండి. అడవి మధ్యలో ఇలాగే కూలబడితే ఆయన్ని మోయాల్సింది నేనే. అప్పుడు మాత్రం నేను ఆడపిల్లను కాను కాబోలు!