అంకమ్మ కొసరు

జూన్ 2, సోమవారం

నాయనకు మోకాలి ఆపరేషన్ అయింది. మూడు నెలలు నంద్యాల ఇల్లు కదలకూడదంట. ఆళ్లగడ్డలో మా బట్టలంగడి ఇంగ నా రాజ్యమే! నాయన్ను చూసుకుంటా ఈడనుంచే నడపాల. అంగట్లో కెమెరా పెట్టించినా, స్పీకర్‌తో సహా. ఫోన్లో నేను మాట్లాడితే ఆడ పైకప్పు నుంచి వినపడతాది.

జూన్ 3

అబ్బబ్బ, ఏం మజా! గుమాస్తా ప్రేమ్ సాగర్ కౌంటర్ కాడ కునుకు తీస్తాంటే పేరు పెట్టి పిలిచినా. ఎగిరిపడి పైకి దండం పెట్టినాడు. సాయంత్రానికి అందరూ బుద్ధిమంతులే. టీకి పోవాలన్నా పైకి చూసి అడుగుతాండారు. దేవుని ఉద్యోగం బలే దొరికింది నీకు అని నాయన ఒకటే నవ్వు.

జూన్ 5

అంకమ్మ జాకెట్ గుడ్డ కొలిచి, కత్తెర పెట్టే ముందు నాలుగు వేళ్లు ఎక్కువ జరుపుతాది. కొసరంట. నేను పుట్టకముందు నుంచి మా అంగట్లో ఉండే మనిషి, చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పింది. అయినా సరే, మీటరంటే మీటరే అని పైనుంచి చెప్పినా. సరిగ్గా మీటరు కాడ కోసింది.

జూన్ 10

బేరాలు పడిపోయినాయి. కొసరు లేదని ఆడోళ్లంతా ఎదురంగడికి పోతాండారు. నాకు రోషమొచ్చింది. రేపట్నుంచి ప్రతి ఒక్కరికీ నాలుగు వేళ్ల కొసరు ఇయ్యాల్సిందే అని ఆర్డరేసినా. మంచితనం గూడా మనమే చేయిస్తే పోలా!

జూన్ 11

పోలే. కొసరు ఇప్పుడు హక్కయి కూర్చునింది. ఒకాయమ్మ వేళ్లు పెట్టి కొలిచి, ఇవి మూడే గదా అని జగడం. అంకమ్మ కత్తెర కింద పెట్టి కెమెరా వైపు చూసింది. నువ్వు ఇయ్యమంటే ఇచ్చేది కొసరెట్లయితాది పాపా, నాకు బుద్ధయి ఇస్తేనే కొసరు అనింది. సంచి తీసుకునింది. పోయింది. నేను ఫోన్లో అరుస్తాండా, అంకమ్మా అంకమ్మా అని. అంగడంతా నా గొంతే. ఆయమ్మ తిరిగి గూడా చూడలే. అంత పవరుండీ ఒక్క మనిషిని వెనక్కి పిలుచుకోలేకపోతి. ఏడుపొచ్చింది.

జూన్ 12, పొద్దున ఆరు

నాయన తిట్టలే. ఎవరికిస్తాదో ఎవరికియ్యదో ఆయమ్మను నేనొకనాడూ అడగలేదమ్మా అన్నాడు, అంతే. పగటిపూట నాయన్ను పక్కింటామెకు అప్పజెప్పి ఆళ్లగడ్డ బస్సెక్కుతాండా.

అదే రోజు, సాయంత్రం

నేనే స్టూలెక్కి కెమెరా పీకేసినా. తర్వాత అంకమ్మ ఇంటికి పోయినా. కొసరిస్తావో మానేస్తావో నీ ఇష్టం, రాకపోయినా నీ ఇష్టమే అన్నా. ఆయమ్మ, తిన్నావా అని అడిగి ఉగ్గాని పెట్టింది. వస్తానని చెప్పదు, రానని చెప్పదు. రాక్షసి!

జూన్ 13

వచ్చింది! నాకంటే ముందే! అంగట్లో మళ్లా ఒకటే గోల, నవ్వులు. ఒక ముసలామెకు జానెడు కొసరు. గొణిగినామెకు సున్న. నేను గూడా దుడ్లిచ్చి పసుపు జాకెట్ గుడ్డ కోయించుకున్నా. సరిగ్గా మీటర్ కాడ కత్తెర పడింది, నూలుపోగు ఎక్కువ లే. కడుపుబ్బ నవ్వినా.

జూన్ 30

ఈరోజు నాకిచ్చింది. అడగలే. చిటికెన వేలంత!